ఊరికే పోయి వద్దాం

"రెండు రోజులు ఎక్కడికైనా పోయి రిలాక్స్ అవ్వాలి" అనుకోగానే మీ తలలో ఏ బొమ్మ వస్తుంది? నిజం చెప్పండి. పచ్చటి గుట్ట. గుట్ట మీద గొర్రెలు. రాతి గోడల చిన్న ఇల్లు, దాని కిటికీలో పూలు. కొంచెం దూరం నడిస్తే తెల్లటి కొండ అంచు, కింద సముద్రం. అంటే ఇంగ్లండ్. మనలో దాదాపు ఎవరూ ఇంగ్లండ్ చూడలేదు. అయినా బొమ్మ మాత్రం రెడీగా ఉంది. ల్యాప్‌టాప్ తెరిస్తే లాక్ స్క్రీన్ మీద అదే, యూకేలో ఎంఎస్ చేస్తున్న సీనియర్ల స్టేటస్‌లో అదే, చిన్నప్పుడు చదివిన స్టోరీ బుక్స్‌లోనూ అదే.

నాది సింహాద్రిపురం, పులివెందుల పక్కన. చీనీ తోటలు, అరటి తోటలు, మాడు పగిలే ఎండ. చదువు మొత్తం ఇంగ్లీష్ మీడియం. వర్డ్స్‌వర్త్ రాసిన డాఫొడిల్స్ పద్యం స్కూల్లో నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేదాన్ని. డాఫొడిల్ పువ్వును మాత్రం ఇంతవరకూ చూడలేదు. బస్సు కిటికీలోంచి ఏటా చూసిన తంగేడు పువ్వు మీద ఏ పరీక్షలోనూ ఒక్క లైను రాయలేదు. ఈ మాట చాలామంది చాలాసార్లు అన్నదే. ఇంగ్లీష్ చదువుల మీద కోపంతో నేనిది రాయడం లేదు. నా పాయింట్ వేరే. ఆ బొమ్మను మనం తెచ్చుకున్నాం, దాని వెనకున్న కథను తెచ్చుకోలేదు. ఇంగ్లండ్ పల్లెలను, సముద్రపు ఒడ్డును చూసి మనం కుళ్ళుకోవాల్సింది పచ్చదనానికి కాదు. ఒక మామూలు మనిషి, ఏ పనీ లేకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా, రెండు రోజులు నడిచి ఇంటికి రావచ్చు అనే ఏర్పాటుకు. ఆ ఏర్పాటు వానకు మొలవలేదు. జనం కొట్లాడి తెచ్చుకున్నారు. మనకు కావాల్సింది అదే.

ముందు ఆ డాఫొడిల్స్ సంగతే చూద్దాం. పద్యంలో కవి ఒంటరిగా తిరుగుతుంటాడు. నిజంగా జరిగింది అది కాదు. 1802 ఏప్రిల్ 15న, స్నేహితుల ఇంటి నుంచి సొంతింటికి తిరిగి వస్తూ, అల్స్‌వాటర్ అనే సరస్సు ఒడ్డున ఆయన నడుస్తుంటే పక్కన చెల్లెలు డోరతీ కూడా ఉంది. గాలికి ఊగుతున్న ఆ పూల గురించి ముందుగా డైరీలో రాసుకున్నది ఆమె. అన్న పద్యం రాసింది రెండేళ్ళ తర్వాత, అచ్చయింది 1807లో. డోరతీ డైరీల నిండా ఇట్లాంటి నడకలే. వాటిలో చాలా నడకలకు పెద్ద కారణమేమీ ఉండదు. ఊరికే పోయి రావడమే. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ఆ పద్యం కంటే ఆ నడకే ఎక్కువ గుర్తుంటోంది. రెండు వందల ఏళ్ళ కిందట ఒక ఆడమనిషి గాలిలో, వానలో మైళ్ళకు మైళ్ళు నడిచి, చూసింది రాసుకుంది. మనకు చెప్పిన పాఠంలో ఆమె లేదు.

అదే వర్డ్స్‌వర్త్ ముసలితనంలో ఇంకో పని చేశాడు. 1844లో తన సరస్సుల ప్రాంతానికి, విండర్‌మియర్ దాకా రైలు వేస్తామంటే, వద్దని పత్రికలకు ఉత్తరాలు రాశాడు. మిల్లు పట్టణాల కూలీ జనం గుంపులుగా వచ్చి దిగితే ప్రశాంతత పాడైపోతుందని, ఇట్లాంటి అందాన్ని చూడ్డానికి అలవాటు ఉండాలని, అది అందరికీ ఒక్కరోజులో రాదని ఆయన వాదన. 1847లో రైలు వచ్చేసింది. రైలుతో పాటు జనం వచ్చారు. సరస్సు మాత్రం ఉన్నచోటనే ఉంది.

రైలు దిగితే సరిపోదు కదా, నడవడానికి దారి కావాలి. ఇంగ్లండ్‌లో కొండలు, బీడు భూములు చాలావరకు జమీందార్లవి. వాళ్ళు వేటపక్షులను పెంచుకుంటూ జనాన్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, షాపుల్లో పనిచేసే వందలమంది కుర్రాళ్ళు, అమ్మాయిలు కలిసి కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కావాలనే ఎక్కారు. ముందు నడిచిన బెన్నీ రోత్‌మన్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళు. అంటే మన ఫైనల్ ఇయర్ వాళ్ళ వయసు. ఐదుగురికి జైలు పడింది. వాళ్ళు అడిగింది ఏంది? ఆదివారం పూట కొండ మీద నడవనియ్యండి, అంతే. తర్వాత 1938లో కార్మికులకు జీతంతో కూడిన సెలవుకు దారి వేసిన చట్టం వచ్చింది. 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది. 1951లో ఏర్పడిన మొదటి పార్కు పీక్ డిస్ట్రిక్ట్. కిండర్ స్కౌట్ దాంట్లోదే. 2000లో వచ్చిన ఇంకో చట్టం కొండలు, బీడుల మీద కాలినడకన తిరిగే హక్కు ఇచ్చింది. ఇప్పుడు మన సీనియర్ అక్క సెవెన్ సిస్టర్స్ కొండ అంచున నిలబడి పెట్టే సెల్ఫీ వెనక వంద ఏళ్ళ ఈ లెక్క ఉంది. ఆమెకు అది తెలియకపోవచ్చు. కానీ ఆ కాలిబాట దగ్గర "నీకిక్కడ ఏం పని?" అని ఎవరూ అడగలేదు చూడండి, అదే తేడా.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. ఆ పథకం మీద రాజకీయం నాకు వద్దు. నన్ను ఆపేసింది ఒక మాట. బస్సుల్లో, టీ కొట్ల దగ్గర, మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో కూడా విన్నాను: "ఫ్రీ అని పనీపాటా లేకుండా తిరుగుతాండారు." ఒక్క నిమిషం ఆగి చూస్తే ఇది వర్డ్స్‌వర్త్ ఉత్తరమే. రైలు బదులు బస్సు, మిల్లు కూలీల బదులు మన అమ్మలు, అవ్వలు. మగవాళ్ళు సాయంత్రం పూట రచ్చబండ దగ్గర రెండు గంటలు కూర్చుంటే దాన్ని పనీపాటా లేకపోవడం అని ఎవరూ అనరు. అదే ఆడమనిషి బస్సెక్కి పక్క ఊరు చూసి వస్తే లెక్క అడుగుతారు.

మా అమ్మనే తీసుకోండి. ఆమె చేసిన ప్రయాణాలు మూడు రకాలు. తిరుపతి, పెళ్ళిళ్ళు, ఆస్పత్రి. ఈ మూడింటికీ కారణం ఉంది. కారణం లేకుండా ఆమె గడప దాటిన రోజు నాకు గుర్తు లేదు. గండికోట మాకు పరాయి దేశం కాదు, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోతే అక్కడి నుంచి ఓ పదిహేను కిలోమీటర్లు. ఆమె చూడలేదు. చూడాలని ఉందా అంటే, "చూడకపోతే ఏమి, కోట యాడికి పోతాది" అంటుంది. కోట ఎక్కడికీ పోదు, నిజమే. మోకాళ్ళు పోతాయి.

తెలుగులో సెలవు అనే మాటను ఎప్పుడైనా విడదీసి చూశారా? ఇంగ్లీషులో హాలిడే అంటే మొదట పవిత్రమైన రోజు, పండగ రోజు. తెలుగులో సెలవు అంటే అనుమతి. పెద్దవాళ్ళు మాట్లాడితే "సెలవిచ్చారు" అంటాం, వెళ్ళేటప్పుడు "సెలవు తీసుకుంటా" అంటాం. తమిళంలో ఇదే పోలికున్న మాటకు అర్థం ఖర్చు. మన హాస్టల్లో చెన్నై పిల్లలను అడగండి, చెప్తారు. నా దృష్టిలో ఈ రెండు అర్థాలూ కలిపితే మన ఇళ్ళల్లో ప్రతి ట్రిప్పు ముందూ జరిగే డిస్కషన్ మొత్తం వచ్చేస్తుంది: ఎవరిని అడిగినావు, ఎంతవుతాది. మూడో ప్రశ్న "ఎందుకు?" దానికి మన భాషలోనే చక్కటి జవాబు ఉంది. ఊరికే. కానీ అది చెల్లుబాటు కాదు. "ఊరికే పోతాండా" అని మగపిల్లోడు అంటే నడుస్తుంది, ఆడపిల్ల అంటే ఇంకో పది ప్రశ్నలు పుడతాయి.

అట్లని మన పెద్దవాళ్ళకు విశ్రాంతి అనేదే తెలియదు అనడం తప్పు. కార్తీకంలో వనభోజనాలు అంటే ఏమిటి? ఊరంతా కలిసి చెట్టు కిందికి పోయి, వండుకుని, తిని, సాయంత్రానికి ఇంటికి రావడం. పక్కా షార్ట్ బ్రేక్. శ్రావణ శనివారాల్లో గండి క్షేత్రానికి పోయే జనాన్ని చూడండి. పాపఘ్ని నది కొండను చీల్చుకుని పారే చోటు అది. ఆంజనేయుడికి దండం పెట్టుకోవడం ఒక గంట, ఏటి ఒడ్డున చెట్ల కింద కూర్చోవడం మూడు గంటలు. దేవుడి పేరు చెప్తే సెలవు దొరుకుతుంది కాబట్టి దేవుడి పేరు చెప్పేవాళ్ళు. అది తెలివైన ఏర్పాటే. నేను అడిగేది ఇంకో అడుగు. దేవుడి పేరు చెప్పకుండా కూడా ఆ మూడు గంటలు మనకు దక్కాలి.

ఇక బొమ్మ సంగతి. మన దగ్గర చూడ్డానికి ఏముంది, రాళ్ళు తప్ప అంటారు. ఇంగ్లండ్ వాళ్ళకే ఈ మాట అనిపించింది. కడప కలెక్టరుగా చేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఎండ తట్టుకోలేక మదనపల్లె దగ్గర, నాలుగు వేల అడుగులకు పైనున్న కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. 1911 దాకా మదనపల్లె కడప జిల్లాలోదే. ఆ కొండకు ఏనుగు మల్లమ్మ కొండ అని పేరుంది. ఇప్పుడు అందరికీ తెలిసిన పేరు హార్స్‌లీ హిల్స్. చల్లదనం వెతుక్కున్నాడు, తప్పు లేదు. కానీ "రిలాక్స్ అంటే చల్లటి కొండ" అనే ఫార్ములా ఆయనది. మన నేలకు అది ఒక్కటే ఫార్ములా కానక్కర్లేదు.

రాళ్ళే అన్నారు కాబట్టి రాళ్ళ గురించే మాట్లాడదాం. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో డోర్సెట్, ఈస్ట్ డెవన్ ఒడ్డున సుమారు 95 మైళ్ళ పొడవున జురాసిక్ కోస్ట్ ఉంది. 2001లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి కొండ అంచుల్లో పాతవాటి వయసు సుమారు 25 కోట్ల ఏళ్ళు. జనం టికెట్లు కొనుక్కుని పోయి ఆ పొరలు చూసి ఆశ్చర్యపోతారు. మరి మన పులివెందుల దగ్గర, రాతి పొరల మధ్యలోకి చొచ్చుకొచ్చి గట్టిపడిన అగ్నిశిలకు శాస్త్రవేత్తలు కట్టిన వయసు సుమారు 190 కోట్ల ఏళ్ళు. అంటే దాని చుట్టూ ఉన్న పొరలు ఇంకా పాతవి. వేంపల్లె రాతిలో స్ట్రొమటోలైట్లు ఉన్నాయి, అంటే చెట్టూ చేమా పుట్టకముందు నీళ్ళలో పెరిగిన సూక్ష్మజీవులు వదిలిన చారలు. డెవన్ అనే కౌంటీ పేరు మీద డెవోనియన్ యుగం వచ్చినట్టు, భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట అని మన ఊళ్ళ పేర్ల మీద రాతి పొరలకు పేర్లున్నాయి. మనం బస్సులో నిద్రపోతూ దాటే గుట్టలు ఇవి.

గండికోట అంచున నిలబడితే కింద పెన్న. ఎర్రమల కొండలను కోసుకుంటూ పారుతుంది. ఎర్రటి రాతి పలకలు ఎవరో పేర్చిపెట్టినట్టు ఉంటాయి. కోట లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, దాని పక్కనే పెద్ద ధాన్యాగారం, రాయల చెరువు. ఇప్పటికీ కోట లోపల ఒక చిన్న ఊరు ఉంది, జనం కాపురాలు చేస్తున్నారు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. మీర్ జుమ్లా చేతికి వచ్చాక 1652లో ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఇక్కడికి వచ్చాడు. ఇన్ని ఉన్నా ఎక్కువమంది చేసేది ఒకటే. గంటసేపు ఉండి, రీల్ తీసుకుని, "నెక్స్ట్ బేలం గుహలు" అని వ్యాన్ ఎక్కుతారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇది టూరిజం బ్రోచర్ అయిపోతుంది. ఇంగ్లండ్ సరస్సుల ప్రాంతంలో హాస్‌వాటర్ అనే సరస్సు ఉంది. ఫోటోలో చాలా ప్రశాంతంగా ఉంటుంది. 1930లలో మాంచెస్టర్ తాగునీటి కోసం దాన్ని డ్యామ్ కట్టి పెంచినప్పుడు మార్డేల్ అనే ఊరు మునిగింది. వానలు బాగా తగ్గిన ఏడాది నీళ్ళ కింద నుంచి ఆ ఊరి గోడలు బయటపడతాయి. మన గండికోట రిజర్వాయర్ కింద కూడా ఊళ్ళున్నాయి. కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు అట్లనే నీళ్ళలోకి పోయింది. ఆ రిజర్వాయర్ నుంచి ఎత్తిపోసిన నీళ్ళే మా సింహాద్రిపురం మండలంలోని పైడిపాలెం రిజర్వాయర్‌కు వస్తాయి. మా చీనీ చెట్టు తాగే నీళ్ళల్లో ఎవరిదో ఊరు ఉంది. ఆ నీళ్ళ ఒడ్డున కూర్చున్నప్పుడు అది తెలిసి కూర్చోవాలి అంటాను. తెలిస్తే రిలాక్స్ అవ్వలేమా? అవుతాం. కానీ అరుపులు, డీజే, తాగి పడేసిన సీసాలు మాత్రం ఉండవు.

సరే, ఇంత చెప్పాక ప్లాన్ లేకపోతే మీరు ఊరుకోరు. మేం ముగ్గురు ఫ్రెండ్స్ ఈ సెమిస్టర్ బ్రేక్ కోసం వేసుకున్నది ఇక్కడ పెడుతున్నాను. కాపీ కొట్టుకోవచ్చు, ప్లేజియరిజం చెక్ లేదు.

మొదటి రూల్: ఒక రోజుకు ఒక చోటు. ఒకే రోజు గండికోట, బేలం, యాగంటి, అహోబిలం అని పెట్టుకుంటే అది బ్రేక్ కాదు, అసైన్‌మెంట్. చూడాల్సిన లిస్టులో టిక్కులు పెట్టే అలవాటు మనకు ఎంసెట్ నుంచి వచ్చింది. రెండు రోజులైనా దాన్ని పక్కన పెడదాం.

రెండో రూల్: కాలం. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలోపు పోవాలి. మార్చి దాటితే మన రాయి పెనం అవుతుంది. ఎండాకాలం పోయి వచ్చి "గండికోటలో ఏముందిరా" అనేవాళ్ళ మాట లెక్కలోకి తీసుకోవద్దు. చలికాలంలో కూడా పదకొండు నుంచి మూడున్నర దాకా నీడలో ఉండాలి. ఆ టైము గుడి మండపంలో పడుకోవడానికో, పుస్తకానికో.

మూడో రూల్: ముందే అడిగి పెట్టుకోవాల్సినవి నాలుగు. గది, చివరి బస్సు, తాగునీళ్ళు, టాయిలెట్. గండికోటలో టూరిజం శాఖ వాళ్ళ హరిత హోటల్ ఉంది. శని, ఆదివారాల్లో గదులు దొరకడం కష్టం కాబట్టి వీలైతే వారం మధ్యలో పోండి, రేటూ తక్కువ, జనమూ తక్కువ. జమ్మలమడుగు నుంచి కోటకు బస్సులు తక్కువ. టైములు డిపోలో కనుక్కుని, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. తప్పిపోతే ఆటోకు ఎంతడుగుతారో ముందే తెలుసుకోండి.

మొదటి రోజు పొద్దున ఇంటి దగ్గర బయల్దేరితే చాలు. తొందర లేదు. జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీ తినండి. మధ్యాహ్నం గది. నాలుగింటికి లోయ అంచు. అక్కడ కంచె లేని చోట్లు ఉన్నాయి, కాబట్టి అంచుకు పది అడుగులు ఇవతలే కూర్చోండి, సెల్ఫీ కోసం వెనక్కి నడవొద్దు. పొద్దు వాలేటప్పుడు రాయి రంగు మారడం చూడ్డానికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నర ఫోన్ బ్యాగులో. ఇది కష్టం, నాకు తెలుసు. మన తరానికి విశ్రాంతి అంటే ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కు మారడం. రాయి మీద కూర్చుంటే మొదటి పది నిమిషాలు చెయ్యి జేబులోకి పోతూనే ఉంటుంది. తర్వాత పోదు.

రెండో రోజు తెల్లవారుజామున కోట లోపల తిరగండి. మసీదు, ధాన్యాగారం, గుడి, ఈ మూడూ నడక దూరంలోనే. పది దాటకముందే ముగించి, మైలవరం డ్యామ్ చూసి, జమ్మలమడుగులో భోజనం. సంగటి దొరికితే సంగటి. సాయంత్రానికి ఇల్లు.

మూడు రోజులుంటే సముద్రం కూడా కలపొచ్చు. మన జిల్లాకు సముద్రం లేదు, కానీ మన నదికి ఉంది. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు నడిచి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పుష్పగిరి, సిద్ధవటం, సోమశిల దాటి నెల్లూరు దగ్గర ఊటుకూరులో సముద్రంలో కలుస్తుంది. ఒక రాత్రి గండికోటలో, మధ్యాహ్నం పుష్పగిరి గుళ్ళ దగ్గర పెన్న ఒడ్డున, తర్వాత కడప నుంచి బద్వేలు మీదుగా నెల్లూరు, మూడో రోజు మైపాడు బీచ్. లోయలో చూసిన నీళ్ళే సముద్రంలో కలవడం చూడ్డం. ఇంగ్లండ్ వాళ్ళు కంట్రీసైడ్ అండ్ కోస్ట్ అని ప్యాకేజీ చేసే దానికి మన వెర్షన్ ఇది. ఏమీ కుదరకపోతే అరపూట ట్రిప్పులున్నాయి: పైడిపాలెం కట్ట, లేదంటే పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. టిఫిన్ బాక్స్, నీళ్ళ సీసా, అమ్మ.

అవును, అమ్మ. ఈ ప్లాన్‌లో ఒక సీటు అమ్మకో అవ్వకో పెట్టండి. బస్సు టికెట్ ఖర్చు ఎట్లాగూ లేదు. ఖర్చు అనే సెలవు కొంచెం దొరికింది, అనుమతి అనే సెలవు ఇంకా మిగిలింది.

"ముగ్గురు ఆడపిల్లలు రాత్రి పూట బయట ఉండేది ఏంది, ఏదన్నా అయితే?" అని అడుగుతారు. సరైన ప్రశ్నే, దాన్ని నవ్వి కొట్టిపారేయను. కానీ దానికి జవాబు పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టడం కాదు. దారిలో దీపం, టైముకు వచ్చే బస్సు, తలుపు గడియ పడే టాయిలెట్, అడిగితే చెప్పే మనిషి. చూడ్డానికి పోయే ప్రతి చోటా ఈ నాలుగూ ఉండాలని అడగాలి. ఒక మాట కూడా గమనించండి. ఆడవాళ్ళు ఎక్కువగా తిరిగే చోటే ఆడవాళ్ళకు భయం తక్కువ. ఎవరూ పోకపోతే అది ఎప్పటికీ పోకూడని చోటుగానే ఉంటుంది. కిండర్ స్కౌట్ ఎక్కినవాళ్ళు చట్టం వచ్చేదాకా ఆగి ఎక్కలేదు, ఎక్కినాకే చట్టం వచ్చింది.

"రైతుకు సెలవుందా, మీకెందుకు?" అనేది ఇంకో వాదన. మా నాయన తోటకు పోని రోజు ఉండదు, డ్రిప్పు పైపు పగిలితే పండగ రోజైనా పోవాల్సిందే. ఆయనకు సెలవు లేదు కాబట్టి నాకూ వద్దు అనడం న్యాయంగా కనిపిస్తుంది గానీ, దానివల్ల ఆయనకు వచ్చేది ఏమీ లేదు. నాకు రెండు రోజులు కావాలి, ఆయనకూ రెండు రోజులు కావాలి అనేదే నా లెక్క. లాంకషైర్ పత్తి మిల్లుల్లో ఏడాదికి ఒక వారం మిల్లులన్నీ మూసి, ఊరుకు ఊరే రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రానికి పోయేది. వాళ్ళు మనకంటే డబ్బున్నవాళ్ళు కాదు, మగ్గాల దగ్గర నిలబడి పనిచేసే కూలీలు. అందరూ ఒకేసారి ఆగారు కాబట్టి ఆగగలిగారు.

మన వంతు పని ఒకటి చెప్పి ముగిస్తాను. ఇంగ్లండ్‌లో ఏ పల్లె తీసుకున్నా కాలిబాటలు మ్యాపు మీద గీసి ఉంటాయి, గీసి ఉన్న బాటను ఎవరూ ఇష్టమొచ్చినట్టు మూయడానికి లేదు. మన ఊళ్ళ రెవెన్యూ మ్యాపుల్లో కూడా బండి దోవలు, రస్తాలు ఉంటాయి. కానీ అవి కాగితంలో ఉంటాయి, నేల మీద చీనీ చెట్టు కిందికో కంచె వెనక్కో పోయి ఉంటాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు మీరంతా విన్నారు, డీబీఎంఎస్ ప్రాజెక్టుల్లో వాడినవాళ్ళూ ఉన్నారు. దాన్ని 2004లో మొదలుపెట్టింది లండన్‌లో చదువుకుంటున్న ఒక విద్యార్థి. ఈ సెలవుల్లో ప్రతి ఒక్కరం సొంత ఊరి చుట్టూ ఒక్క దారి నడుద్దాం. గుట్టకో, చెరువుకో, పాత గుడికో పోయే దారి. నడిచి, దాన్ని మ్యాపులో గీద్దాం. నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, చివరి బస్సు ఎన్నింటికి, నీడ ఎక్కడుంది, ఆడవాళ్ళు నిశ్చింతగా కూర్చోగలిగే చోటు ఏది అని నాలుగు లైన్లు తెలుగులో రాసి మన క్లబ్‌కు పంపుదాం. కర్నూలు వాళ్ళు కర్నూలు దారి, శ్రీకాకుళం వాళ్ళు శ్రీకాకుళం దారి. తర్వాతి సంచికకు ఇరవై దారులు వచ్చినా మన కాలేజీలో ఎవరికైనా రెండు రోజుల ప్లాన్ రెడీ.

నడిచేటప్పుడు దారిలో ఎవరో ఒకరు ఆపి అడుగుతారు, "యాడికి పాపా, ఏం పని?" అని. అబద్ధం చెప్పొద్దు, ప్రాజెక్ట్ వర్క్ అనొద్దు, సర్వే అనొద్దు. ఊరికే అని చెప్పండి. ఆ మాటను నాలుగుసార్లు విన్నాక ఐదోసారి వాళ్ళు అడగరు.